స్టార్టర్ డబ్బాకి టచ్ పెడతానన్న మా బిడ్డకి

బిడ్డా,

నిన్న రాత్రి మీ నాయన ఫోన్ చేసి, తోటలో బోరు స్టార్టర్‌కి బటన్లు తీసేసి నువ్వే టచ్ ప్యానెల్ చేసి పెడుతున్నావని చెప్పాడు. ఆయన గొంతులో ఎంత సంబరమో. నాకూ అంతే సంబరమైంది కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. పొద్దున లేచి నువ్వు పంపిన వీడియో మూడుసార్లు చూశాను. ఇంట్లో లాప్‌టాప్‌కి తగిలిస్తే చక్కగా పనిచేసింది, బావి కాడ పెడితే తాకకుండానే తాకినట్టు చూపిస్తోంది, కోడ్‌లో తప్పెక్కడుందో దొరకట్లేదు అన్నావు. తప్పు కోడ్‌లో లేదు బిడ్డా. తీగల్లో వెతుకు.

వేలు పెడితే ప్యాడ్ దగ్గర, అంటే తాకుడు పట్టే రాగి రేకు దగ్గర, పెరిగే కెపాసిటెన్స్, అంటే ఛార్జి పట్టుకునే గుణం, ఒక పికోఫారడ్ అటూ ఇటూ. మందపాటి అక్రిలిక్ మీద నుంచి తాకితే అంత కూడా ఉండదు. పికోఫారడ్ అంటే ఫారడ్‌లో లక్ష కోట్లవ వంతు. అంత చిన్న తేడా కోసం చెవి రిక్కించుకుని కూర్చున్న చిప్పుని తీసుకెళ్ళి, ఐదు హార్స్‌పవర్ మోటరుకి కరెంటు కలిపి తెంపే పెద్ద స్విచ్చు, ఆ కాంటాక్టర్ పక్కన జానెడు దూరంలో పెట్టావు. ఆ కాంటాక్టర్ కాయిల్‌కి కరెంటు తెగిన ప్రతిసారీ వందల వోల్టుల పోటు లేచి పక్కనున్న తీగలన్నిటిలోకీ దూకుతుంది. నీ చిప్పుకి అది వేలో, పోటో తెలియదు.

ఇంకొకటుంది, ఇది చాలామందికి ఆలస్యంగా అర్థమవుతుంది. వీడియోలో నీ లాప్‌టాప్‌కి ఛార్జర్ లేదు, బ్యాటరీ మీద నడుస్తోంది. అంటే నీ బోర్డుకి భూమితో సంబంధమే లేదు. బావి కాడ నువ్వు వాడింది చవక ఫోన్ ఛార్జర్. దాంట్లో కరెంటుని సెకనుకి వేలసార్లు వేసి తీసే స్విచింగ్ వల్ల నీ బోర్డు గ్రౌండ్, అంటే సున్నా వోల్టులనుకునే తీగ, మొత్తం భూమితో పోలిస్తే పైకీ కిందికీ ఎగురుతూ ఉంటుంది. తాకే మనిషి నేల మీద నిలబడి ఉన్నాడు కదా, బోర్డు ఎగురుతుంటే ఆయన వేలు కదలదు, ఆ తేడా మొత్తం వేలిగుండా నేరుగా ప్యాడ్‌లోకే పోతుంది. నమ్మకం లేకపోతే ఇంట్లోనే చూడు, స్టార్టర్ దగ్గర కాదు. బ్యాటరీ మీద ప్యాడ్‌ని తాకి చిప్పు చూపే అంకెలు రాసుకో, తర్వాత అదే ఛార్జర్ పెట్టి మళ్ళీ తాకు. చెయ్యి తీస్తే నిలకడగా ఉన్న అంకెలు, వేలు ఆనించగానే వేడి పెనం మీద నీళ్ళ చుక్కల్లా చిందులేస్తాయి. కాబట్టి ముందు ఆ ఛార్జర్ మార్చు. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సప్లయ్ పెట్టి, దాని తర్వాత స్విచింగ్ లేకుండా వోల్టేజిని నిలకడగా ఉంచే లీనియర్ రెగ్యులేటర్ పెట్టు.

మిగతావి నీకు తెలిసినవే. ప్యాడ్ నుంచి చిప్పు దాకా తీగ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది, రిలే తీగల పక్కన పడుకోబెట్టకు, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించు. చిప్పు కాలు దగ్గరే ఐదువందల ఓమ్‌లో, వెయ్యి ఓమ్‌లో ఒక రెసిస్టర్ వరసలో పెట్టు. ప్యాడ్ చుట్టూ గ్రౌండ్ ఇవ్వు, కానీ కింద నిండుగా రాగి పరవకు, జల్లెడలా గళ్ళు గళ్ళుగా ఇవ్వు, నిండుగా పరిస్తే వేలి తేడా దాంట్లోనే మునిగిపోతుంది. అక్రిలిక్‌కి, ప్యాడ్‌కి మధ్య గాలి బుడగ ఉండొద్దు. కాంటాక్టర్ కాయిల్‌కి అడ్డంగా స్నబ్బర్, అంటే పోటుని మింగే రెసిస్టర్, కెపాసిటర్ జత పెట్టు, కాయిల్ 415 వోల్టులదైతే 275 అని రాసున్న కెపాసిటర్ తెచ్చి పెట్టకు, పేలుతుంది. పది కొలతలు తీసుకుని సగటు కడుతున్నావు చూడు, అది వద్దు. ఒక్క పోటు వచ్చినా సగటు మొత్తం పాడవుతుంది. కొలతల్ని వరసలో పేర్చి మధ్యలోది తీసుకో, పోటు చివరికి పోయి పడుతుంది.

ఇక నేను అసలు రాయాలనుకున్నది. ఇది మీ నాయనకి కూడా పూర్తిగా తెలియదు.

చాలా ఏళ్ళ కింద, నల్లగొండలో షాపు పెట్టిన కొత్తలో, మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లుకి టచ్ ప్యానెల్ చేసిచ్చాను. తవుడు దుమ్ము పోయి బటన్లు ఇరుక్కుపోతున్నాయని వాళ్ళు మొత్తుకుంటే, అద్దం కింద ప్యాడ్లు పెట్టి దుమ్ము పోయే సందే లేకుండా చేశాను. నువ్వు చెప్పిన కారణమే. షాపులో బల్ల మీద రెండు రోజులు నడిపాను, ఒక్క తప్పు తాకిడి లేదు. మిల్లులో పెట్టాక హమాలీలు చేతులకి దుమ్ముతోనే తాకుతున్నారు, ఒకసారి పడుతుంది ఒకసారి పడట్లేదు అన్నారు. నేను పోయి సెన్సిటివిటీ పెంచాను. పట్టింది. అందరూ మెచ్చుకున్నారు, చాయ్ తాగి వచ్చేశాను.

సెన్సిటివిటీ పెంచడమంటే వేలికి, పోటుకి మధ్య ఉన్న గోడని నా చేత్తో నేనే కూలగొట్టడమని అప్పుడు తోచలేదు. నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం కరెంటు పోయింది. ధాన్యం ఎత్తే ఎలివేటర్ కింద వడ్లు ఇరుక్కుంటే, ఎలాగూ కరెంటు లేదు కదా అని ఒకతను కింది మూత తీసి చెయ్యి పెట్టి తోడుతున్నాడు. అవతల ఇంకొకతను జనరేటర్ వేశాడు. లైను నుంచి జనరేటర్‌కి మార్చే ఛేంజోవర్ స్విచ్చు కొట్టగానే లేచిన పోటుని నా ప్యానెల్ వేలనుకుంది. ఎలివేటర్ కదిలింది. ఎవరూ తాకలేదు. అద్దం మీద దుమ్ము అలాగే ఉంది, వేలిముద్ర కూడా లేదు, తర్వాత నేనే చూశాను.

అతని కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి. నాకంటే చిన్నవాడు, పెళ్ళయి ఏడాది. ఆస్పత్రిలో నన్ను చూసి, నువ్వేం చేస్తావన్నా, నా టైం బాలేదు అన్నాడు. అతని టైం కాదు బిడ్డా. నేను ఒక్క తాకిడితో మెషిన్ లేచేలా రాశాను. కరెంటు పోయి వస్తే మోటరు ఆగే ఉండాలని రాయలేదు. జనరేటర్ వేసి, తీసి ఒక్కసారి కూడా పరీక్ష చెయ్యలేదు. ఆ రోజే ప్యానెల్ పీకేసి మళ్ళీ పచ్చ బటను, ఎర్ర బటను పెట్టి వచ్చాను. ఇప్పటికీ పండక్కి అతని ఇంటికి పోతాను. అతను ఎడమచేత్తో చాయ్ గ్లాసు అందిస్తాడు.

తనంతట తాను లేచే మోటరంటే నాకు ముందు నుంచే భయం. 2018 జనవరి 1న సాగుకి 24 గంటల కరెంటు మొదలవకముందు ఇంటింటి బోరుకీ ఆటో స్టార్టర్లే కదా, కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటరు లేచేది. అర్ధరాత్రి చీకట్లో ఫ్యూజు సరిచేస్తూ ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు మన చుట్టుపక్కల ఊళ్ళల్లోనే ఉన్నారు. మీ నాయనకి చెప్పులు లేకుండా తడి మడిలో నడిచే అలవాటు, ఎన్నిసార్లు చెప్పినా వినడు. నీ ప్యానెల్ ముందు నిలబడేది ఆయనే.

అందుకే ఇవి మాత్రం నా మాట విను. స్టార్ట్ ఒక్క తాకుడుతో కాకూడదు. ఒక ప్యాడ్ రెండు సెకన్లు పట్టుకుని, వదిలి, ఇంకొకటి తాకితేనే లేవాలి. పోటుకి అంత ఓపిక ఉండదు. రెండు ప్యాడ్ల అంకెలూ ఒకేసారి కదిలితే అది నాయిస్ అనుకుని ఏమీ చెయ్యకు. ఎప్పుడూ తాకని ప్యాడ్ ఒకటి పక్కన ఉంచు, అది కదిలినా అంతే. వానాకాలంలో అక్రిలిక్ మీద నీళ్ళు కారితే కూడా అదే కాపాడుతుంది. కరెంటు పోయి వస్తే మోటరు ఆగే ఉండాలి. స్టాప్ మాత్రం టచ్‌తో వద్దు, ఎర్ర బటను పెట్టు, కాయిల్ తీగని నేరుగా తెంపేలా పెట్టు, మధ్యలో నీ చిప్పు ఉండకూడదు. డబ్బాకి ఎర్తింగ్ ఉందా అని మీ నాయనని అడగకు, ఉందనే అంటాడు. నువ్వే తవ్వి చూడు.

ఇదంతా చదివి మానేస్తావేమో అని కూడా టెన్షన్‌గా ఉంది. మానొద్దు. నీ వయసులో నాకు ప్యాడ్ అంటే ఏంటో తెలియదు, నువ్వు టంకం పెట్టిన జాయింట్లు వీడియోలో చూశాను, అంత శుభ్రంగా నాకూ రాదు.

ఆదివారం పొద్దున బస్సుకి చండూరు వస్తాను, పోట్లని తెర మీద గీతల్లా చూపించే స్కోపు తెస్తాను. మోటరు తీగలు విప్పేసి, కాంటాక్టర్ ఒక్కటే రెండు వందల సార్లు వేసి తీద్దాం. నువ్వు అంకెలు చూడు, నేను బటను నొక్కుతాను. ఒక్క తప్పు వచ్చినా మళ్ళీ మొదటి నుంచి లెక్కపెడదాం. అప్పటిదాకా మోటరు కలపకు. మీ నాయనమ్మకి చెప్పు, అన్నం అక్కడే తింటానని.

మీ పెదనాన్న