పాత విండోస్, కొత్త కంప్యూటర్

ప్రశ్న: జనగామలో మాకు చిన్న డీటీపీ సెంటర్ ఉంది. పెళ్ళికార్డులు, కరపత్రాలు చేస్తాం. విండోస్ 7 ఉన్న పాత కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతుంటే కొత్తది కొన్నాం. 12వ తరం ఇంటెల్, 16 జీబీ ర్యామ్, ఎన్‌వీఎంఈ డిస్క్, విండోస్ 11. పేజ్‌మేకర్, తెలుగు ఫాంట్లు పాతదాంట్లోనే ఉన్నాయి. సీడీలు దొరకడం లేదు, వేసిచ్చిన అబ్బాయి దుబాయ్ వెళ్ళిపోయాడు. పాత హార్డ్‌డిస్క్ తీసి కొత్తదానికి తగిలిస్తే నడుస్తుందా?

జవాబు: తగిలిస్తే ఫైళ్ళు కనిపిస్తాయి. దాన్నుంచి విండోస్ 7 లేపుదామంటే మాత్రం అవదు. చాలా కొత్త బోర్డులు పాత బయాస్ (కంప్యూటర్‌ను మొదట లేపే ప్రోగ్రాం) పద్ధతిలో బూట్ కావు, దాని స్థానంలో వచ్చిన యూఈఎఫ్‌ఐ ఒక్కటే. ఏదోలా లేపినా, కొత్త యూఎస్‌బీ పోర్టులకు విండోస్ 7లో డ్రైవర్ లేదు. లాగిన్ తెర ముందు కీబోర్డు, మౌస్ పలకవు. మీ ప్రాసెసర్ గ్రాఫిక్స్‌కు విండోస్ 7 డ్రైవర్ ఇంటెల్ ఇవ్వనే లేదు. దీనిమీద రోజులు పాడుచేసుకోకండి.

నా సలహా: పాత విండోస్‌ను ఉన్నదున్నట్టు కొత్తదాంట్లో వర్చువల్ మెషీన్‌గా, అంటే కంప్యూటర్ లోపల ప్రోగ్రాంలా నడిచే ఇంకో కంప్యూటర్‌గా, నడపండి. పాత కంప్యూటర్ లేస్తుండగానే మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఉచిత టూల్ డిస్క్‌2వీహెచ్‌డీ అందులో నడిపి, మొత్తం డిస్క్‌ను ఒకే ఫైలుగా బయటి హార్డ్‌డిస్క్‌లోకి తీయండి. సీ డ్రైవ్‌తో పాటు చిన్న సిస్టమ్ రిజర్వ్‌డ్ భాగానికీ టిక్ పెట్టండి, అది లేకపోతే బూట్ కాదు. వీహెచ్‌డీఎక్స్ అన్న ఫైలు రకానికి ఉన్న టిక్ మాత్రం తీసేయండి. ఆగుతూ ఆగుతూ నడిచే మెషీన్ కాబట్టి ఇది ఈ వారమే చేయండి. మాఘమాసం ముహూర్తాల దాకా అది ఉంటుందో లేదో!

కొత్తదాంట్లో వర్చువల్ మెషీన్లు నడిపే వర్చువల్‌బాక్స్ ప్రోగ్రాం వేసి, విండోస్ 7 మెషీన్ సృష్టించి, ఆ ఫైలు జోడించండి. అందులో ఈఎఫ్‌ఐ (పైన చెప్పిన యూఈఎఫ్‌ఐయే) ఆపి ఉంచండి. ర్యామ్ 4 జీబీ చాలు. నీలం తెర, 7బి అన్న ఎర్రర్ వచ్చిందంటే భయపడనక్కర్లేదు. డిస్క్ ఏ కంట్రోలర్‌కు ఉందో విండోస్‌కు అంతుపట్టలేదన్నమాట. వర్చువల్‌బాక్స్ సెట్టింగ్స్‌లో డిస్క్‌ను సాటా కంట్రోలర్ నుంచి పాతరకం ఐడీఈకి మార్చి చూడండి. పాత కంప్యూటర్ బయాస్‌లో డిస్క్‌కు ఏ పద్ధతి పెట్టి ఉందో ముందే ఫోనుతో ఫొటో తీసుకుంటే ఈ తంటా ఉండదు.

సాఫ్ట్‌వేర్‌కు డాంగిల్ (తగిలించి ఉంటేనే సాఫ్ట్‌వేర్ నడిచే చిన్న తాళంలాంటి పరికరం) ఉందా? యూఎస్‌బీది అయితే వర్చువల్ మెషీన్‌కు ఇచ్చేయొచ్చు, సాధారణంగా పనిచేస్తుంది. పాత ప్రింటర్ పోర్టుకు తగిలించేదైతే చిక్కే. సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ళను అడగాల్సిందే.

లైసెన్స్ సంగతీ చెప్పాలి. కంప్యూటర్‌తో పాటు వచ్చిన విండోస్ ఆ కంప్యూటర్‌కే పరిమితం. విడిగా డబ్బాలో కొన్నదైతే మార్చుకోవచ్చు. హార్డ్‌వేర్ మారింది కాబట్టి మళ్ళీ యాక్టివేషన్ అడగొచ్చు.

విండోస్ 7కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14తోనే ఆగాయి. అందుకని వర్చువల్ మెషీన్‌కు ఇంటర్నెట్ ఇవ్వకండి, నెట్‌వర్క్ అడాప్టర్ తీసేయండి. కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు విండోస్ 11లోనే తెరిచి స్కాన్ చేయండి. వర్చువల్‌బాక్స్‌తో వచ్చే గెస్ట్ అడిషన్స్ అన్న అదనపు సాఫ్ట్‌వేర్‌ను విండోస్ 7లో వేసి ఒక షేర్డ్ ఫోల్డర్ పెడితే, పేజ్‌మేకర్‌లో చేసిన పనిని పీడీఎఫ్‌గా అందులోకి తీసి, ప్రింట్ విండోస్ 11 నుంచి ఇచ్చుకోవచ్చు.