పసుపు జెర్సీ ఇంకా నా బీరువాలోనే ఉంది

"హైదరాబాద్ ఎఫ్‌సీ ఫుట్‌బాల్ జట్టు ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచిన రోజు మీరెక్కడున్నారు? జట్టే ఊరు వదిలి వెళ్లిపోయింది కదా, ఆ గెలుపును ఇంకా ఎవరైనా తలుచుకుంటున్నారా?" అని అడిగారు.

తలుచుకుంటున్నాం. నాకు తెలిసి ముగ్గురం ఉన్నాం: నేను, వరంగల్‌లో ఉండే మా బావమరిది, అప్పట్లో మా ఆఫీసులో పనిచేసిన ఒక మలయాళీ మిత్రుడు. ఆ మిత్రుడు ఆ రోజు ఓడిపోయిన కేరళ బ్లాస్టర్స్ అభిమాని. అయినా మా ముగ్గురిలో ఎక్కువగా తలుచుకునేది అతనే.

2022 మార్చి 20, ఆదివారం. హోలీ అయి రెండు రోజులైంది, నా చెవుల వెనక రంగు ఇంకా పోలేదు. ఊళ్లో ఫుట్‌బాల్ ఫైనల్ ఉందని ఎవరికీ పట్టలేదు. ఆ వారం రాబోతున్న పెద్ద సినిమా టికెట్ల గోలలో జనం ఉన్నారు. అది తీరితే ఐపీఎల్. కోవిడ్ వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే, జనం లేకుండా జరిగింది కాబట్టి మా జట్టు మా ఊళ్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఫైనల్‌కు మాత్రం మడ్గావ్‌లోని ఫతోర్డా స్టేడియంలోకి ప్రేక్షకులను రానిచ్చారు. కేరళ నుంచి గోవా ఎంత దూరం! వేలమంది రైళ్లు, బస్సులు, బైకుల మీద వచ్చేశారు. స్టేడియం అంతా పసుపు.

ఇక్కడే అసలు తమాషా. కేరళ బ్లాస్టర్స్ రంగు పసుపు, మాదీ పసుపే. ఆ రోజు కాగితం మీద మేం హోమ్ జట్టు కాబట్టి పసుపు మాకొచ్చింది, వాళ్లు నలుపు వేసుకున్నారు. అంటే పసుపు బట్టల్లో కూర్చున్న వేలమంది జనం, మైదానంలో పసుపు వేసుకున్న పదకొండుమంది ఓడిపోవాలని అరుస్తున్నారు! మా ఇంట్లోనూ అదే సీను. మలయాళీ మిత్రుడు పసుపు జెర్సీ వేసుకుని పళంపొరి (అరటిపండు బజ్జీలు) డబ్బాతో వచ్చాడు. నేను పసుపు జెర్సీలో తలుపు తీశాను. మా ఆవిడ ఇద్దర్నీ చూసి "ఇద్దరూ ఒకే టీమా? మరి గొడవేంటి?" అంది.

మ్యాచ్‌లోకి వెళ్లేముందు కొంచెం వెనక్కి పోవాలి. 2019లో పుణె సిటీ క్లబ్ మూతపడితే దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. (పుణెలో కూడా నాలాంటివాడు ఒకడు ఉండి ఉంటాడని అప్పుడు నాకు తట్టలేదు. ఇప్పుడు తడుతోంది.) మొదటి మ్యాచే కోల్‌కతాలో 5-0 ఓటమి. నవంబర్ 2న గచ్చిబౌలిలో సొంతగడ్డ మీద మొదటి మ్యాచ్, అదీ కేరళతోనే. ముషీరాబాద్ నుంచి బండి మీద వెళ్లాను. రాహుల్ కేపీ అనే కుర్రాడు వాళ్లకు మొదటి గోల్ వేశాడు. తర్వాత పెనాల్టీతో మేం సమం చేశాం, 81వ నిమిషంలో మార్సెలీన్యో ఫ్రీకిక్‌తో 2-1. నా చుట్టూ పసుపు వేసుకున్నవాళ్లలో ఎవరు మావాళ్లో గోల్ పడ్డాకే తెలిసింది, లేచి అరిచినవాళ్లే మావాళ్లు. మా అభిమానుల సంఘం డెక్కన్ లీజియన్ కుర్రాళ్లు డప్పులు కొడుతుంటే, నలభై అయిదేళ్ల వయసులో నేనూ గొంతు పోయేదాకా అరిచాను. ఆ సీజన్‌లో ఆ తర్వాత అరవడానికి పెద్దగా ఏమీ లేదు. 18 మ్యాచ్‌లకు 10 పాయింట్లు, పట్టికలో అట్టడుగు.

మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాక కథ మారింది. 2020-21లో అయిదో స్థానం, చివరి మ్యాచ్‌లో గోవాను ఓడించలేక సెమీస్ పోయింది. 2021-22లో 38 పాయింట్లతో రెండో స్థానం, 43తో జంషెడ్‌పూర్ మొదటిది. అప్పట్లో లీగ్‌లో మొదటి స్థానానికి షీల్డ్ ఇచ్చేవారు, కప్పు మాత్రం సెమీస్, ఫైనల్ గెలిచినవాళ్లకు దక్కేది. ఆ ఏడాది మా జట్టులో ఒగ్బెచే 18 గోల్స్ కొట్టాడు. 2019లో ఇదే మనిషి కేరళ కెప్టెన్. ఆ మాట మా మిత్రుడి దగ్గర ఎత్తితే ఇప్పటికీ ముఖం తిప్పుకుంటాడు.

ఇక ఫైనల్. మొదటి సగంలో చెప్పుకోడానికేమీ లేదు, పళంపొరి మాత్రం అయిపోయింది. 68వ నిమిషంలో దూరం నుంచి ఒక షాట్, మా గోలీ చేతులకు తగిలి మరీ లోపలికి పోయింది. కొట్టింది ఎవరు? మళ్లీ ఆ రాహుల్ కేపీయే. గచ్చిబౌలిలో మొదటి గోల్ ఇతనే కొట్టినా చివరికి గెలిచింది మేమే కదా అని నాలో నేను గొణుక్కున్నాను. ఇలాంటి లెక్కలు వేసుకునే స్థితికి మనిషి ఎప్పుడొస్తాడో ఫుట్‌బాల్ చూసేవాళ్లకు తెలుసు.

88వ నిమిషం. మిత్రుడు అప్పటికే కొచ్చిలో ఎవరికో వీడియో కాల్ కలిపాడు. కేరళ డిఫెండర్ తలతో బయటికి కొట్టిన బంతి గాల్లోంచి దిగుతోంది. సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన సాహిల్ తవోరా దాన్ని కింద పడనివ్వకుండా, పెనాల్టీ బాక్స్‌కు చాలా బయట నుంచే ఒక్క తన్ను తన్నాడు. 1-1. నేను అరిచిన అరుపుకు పక్క ఫ్లాట్‌వాళ్లు తలుపు కొట్టారు. అదే ఊపులో బావమరిదికి ఫోన్ చేసి "చూశావా! చూశావా!" అన్నాను. వాడు ఫోన్‌లో హాట్‌స్టార్ చూస్తున్నాడు, మా టీవీ కంటే అర నిమిషం వెనక. వాడికి ఆ బంతి ఇంకా గాల్లోకే లేవలేదు. "బావా, నా జీవితంలో ఒక్క గోల్ పాడు చేశావ్" అని ఇప్పటికీ ప్రతి పండక్కీ, అందరి ముందూ పంచాయితీ పెడతాడు. వాడి బాధ నిజమే, నేను కాదనను.

ఎక్స్‌ట్రా టైమ్‌లో కూడా తేలక పెనాల్టీలకు వెళ్లింది. మా గోలీ లక్ష్మీకాంత్ కట్టిమణి. పేరు విని మొదట్లో మావాడే అనుకున్నాం కానీ అతను గోవావాడు. 2015 ఫైనల్ ఇదే ఫతోర్డాలో జరిగింది. అప్పుడతను ఎఫ్‌సీ గోవా గోలీ. 2-1 ఆధిక్యంలో ఉండగా 90వ నిమిషంలో బంతి అతని మీదుగానే సొంత గోల్‌లోకి పోయింది, ఇంజురీ టైమ్‌లో చెన్నైయిన్ ఇంకోటి కొట్టి 3-2తో కప్పు ఎత్తుకుపోయింది. ఆరేళ్లకు పైగా గడిచాక అదే స్టేడియంలో, అదీ ఫైనల్ పెనాల్టీలకు అతను నిలబడ్డాడు. నేను టీవీ ముందు కూర్చోలేక వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాను.

కేరళ ఆటగాడు లెస్కోవిచ్ కొట్టాడు, కట్టిమణి ఆపాడు. నిషు కుమార్ కొట్టాడు, ఆపాడు. కానీ గోలీ ముందే గీత దాటాడని రిఫరీ మళ్లీ కొట్టమన్నాడు. మిత్రుడు లేచి దండం పెట్టుకున్నాడు. నిషు మళ్లీ కొట్టాడు, కట్టిమణి మళ్లీ ఆపాడు! మధ్యలో మా సివేరియో బంతిని బార్ మీదుగా లేపేశాడు, అది వదిలేద్దాం. నాలుగోది జీక్సన్ సింగ్‌ది, అదీ ఆపాడు. ఆ తర్వాత హలిచరణ్ నర్జారీ కొట్టింది లోపలికి వెళ్లింది. 3-1. కప్పు హైదరాబాద్‌ది.

రాత్రి పది దాటాక కిందికి దిగి వీధిలో "హైదరాబాద్! హైదరాబాద్!" అని అరిచాను. వాచ్‌మన్ లేచొచ్చి "ఇండియా గెలిచిందా సార్?" అన్నాడు. ఫుట్‌బాల్ అని చెప్తే "ఓ" అని మళ్లీ వెళ్లి పడుకున్నాడు. ఆ రాత్రి మా వీధిలో జరిగిన విజయోత్సవం అంతే. మిత్రుడు నా వెనకే మెట్లు దిగొచ్చి, స్కూటర్ స్టార్ట్ చేస్తూ ఒక్కటే మాటన్నాడు: "పసుపు మాకిచ్చి ఉంటే గెలిచేవాళ్లం."

మర్నాడు పొద్దున్నే మా పాత గల్లీలో సైకిల్ రిపేర్ చేసే చాచా దగ్గరికి వెళ్లాను. ఆయన గురించి చెప్పకపోతే ఈ జవాబు సగమే. చిన్నప్పుడు, 1980ల్లో, పంక్చర్ వేయించుకోడానికి వెళ్లిన ప్రతి పిల్లవాడికీ ఆయన చేతివేళ్లు ముడుస్తూ ఒక లెక్క అప్పజెప్పేవారు: యాభై, యాభై ఒకటి, యాభై రెండు, యాభై మూడు, యాభై నాలుగు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయి కూపరేజ్ మైదానంలో వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు గెలిచిన లెక్క అది. "పాంచ్ బార్, బేటా! పాంచ్!" 1950లోనే ఢిల్లీలో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు కూడా తెచ్చారని, ఆ జట్టును తయారుచేసిన రహీం సాబ్ మొదట్లో స్కూలు మాస్టారని, ఆయనే తర్వాత ఇండియా కోచ్‌గా 1951, 1962 ఏషియాడ్ స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించారని, ఆ మెల్‌బోర్న్ జట్టులో అజీజ్, నూర్, సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఉన్నారని నేను నేర్చుకున్నది ఏ పుస్తకంలోనో కాదు, గ్రీజు చేతుల చాచా దగ్గరే. "బాల్ కో దౌడావో, తుమ్ నక్కో దౌడో" (బంతిని పరిగెత్తించు, నువ్వు పరిగెత్తకు) అని పొట్టి పాస్‌ల ఆట ఎలా ఉండేదో స్పానర్, నట్టులతో నేల మీద చూపించేవారు.

మాకేమో కపిల్ దేవ్ పిచ్చి. "చాచా, బొంబాయి పోయి చూసినవా ఆ ఫైనల్స్?" అని ఏడిపించేవాళ్లం. ఆయన బొంబాయి ఎప్పుడూ వెళ్లలేదు. మొదటి రోవర్స్ కప్పు నాటికి పదేళ్లవాడు. చూసిందల్లా ఫతే మైదాన్‌లో ఊరి మ్యాచ్‌లు, పోలీసుల ప్రాక్టీసు. చూడని ఆట గురించి ఇంత చెప్తాడేంట్రా అని వెనకాల నవ్వుకునేవాళ్లం.

ఆ సోమవారం నేను ఫైనల్ అంతా ఆయనకు చెప్పాను. తవోరా గోల్, కట్టిమణి చేతులు, అంతా. ఎనభై రెండేళ్ల మనిషి, కొడుకు పంపు కొడుతుంటే స్టూలు మీద కూర్చుని విన్నారు.

"నువ్వు గోవా పోయినవా?"

"లేదు చాచా. టీవీల చూసిన."

ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

"మనోళ్లు ఎంతమంది ఆడిన్రు?"

ఏం చెప్పాలి? ఆ రోజు దిగిన పదకొండుమందిలో గోవావాడున్నాడు, మణిపూర్‌వాళ్లున్నారు, సిక్కిం, బెంగాల్, మహారాష్ట్ర, యూపీ ఉన్నాయి, స్పెయిన్, బ్రెజిల్, నైజీరియా ఉన్నాయి. ఈ ఊరివాడు ఒక్కడూ లేడు. ఒకప్పుడు ఇండియా జట్టులో సగానికి సగం ఇక్కడి నుంచే వెళ్లేవారని ఆయనే కదా మాకు చెప్పింది. "ఎవరూ లేరు చాచా" అన్నాను.

చాలాసేపు ఆలోచించారు. "కప్పు ఏడికొచ్చింది?"

"హైదరాబాద్‌కే."

చెయ్యి పైకెత్తి చిటికెనవేలు ముడిచారు. "ఏక్. ఇంకా నాలుగు."

ఆ నాలుగు రాలేదు. మరుసటి సీజన్ 42 పాయింట్లతో మళ్లీ రెండో స్థానంలో నిలిచాం, ఈసారి సెమీస్‌లో అవే పెనాల్టీలు మమ్మల్ని ముంచాయి. చాచా 2023లో పోయారు, బలరాం పోయిన ఏడాదే. అదే ఏడాది మార్కెజ్ వెళ్లిపోయారు, ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లారు, 2023-24 ఐఎస్ఎల్ మొత్తం మీద ఒకే ఒక్క గెలుపు. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఎందుకు, ఎవరి తప్పు అన్న చర్చ ఇక్కడ పెట్టను. మీరడిగింది గెలుపు గురించి.

గెలుపును మేం తలుచుకునే పద్ధతి ఇదీ. ప్రతి మార్చి 20న రాత్రి ఏడున్నరకు ముగ్గురం కాల్ కలుపుతాం. బావమరిది తన అర నిమిషం ఎత్తుతాడు. తవోరా కొట్టినప్పుడు బంతి గోల్‌కి ఎన్ని గజాల దూరంలో ఉందో ఏటా పెరుగుతూ వస్తోంది, ఇప్పటికి దాదాపు సగం మైదానం దాటింది. మిత్రుడు కొచ్చికి మారిపోయాడు. వాళ్ల జట్టు అప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, ఐఎస్ఎల్ కప్పు ఇంకా అందలేదు. పోయినసారి అన్నాడు: "మీకిక టీమే లేదు కదా, ఆ పసుపు జెర్సీ నువ్వేం చేసుకుంటావ్? నాకు పంపెయ్, మావాళ్ల మ్యాచ్‌కి వేసుకుంటా."

పంపనన్నాను.