మాత్ర మింగితే బిడ్డ జన్యువులు మారతాయా?

ప్రశ్న: మాది తిరుపతి. నాకు 27 ఏళ్లు, పెళ్లయి ఏడాదిన్నర. పిల్లల కోసం అనుకుంటున్నాం. మా ఆయన స్నేహితుడెవరో చెబితే జీన్ టెస్టు చేయించుకున్నాను. నాకు ఎంటీహెచ్ఎఫ్ఆర్ అనే జన్యువులో తేడా ఉందట, మామూలు ఫోలిక్ యాసిడ్ నాకు పనిచేయదట, వాళ్లు అమ్మే ఖరీదైన మిథైల్ మాత్రలు వాడకపోతే బిడ్డ డీఎన్ఏ మీద గుర్తులు సరిగా పడవట. అత్తగారింట్లో గుడ్డు కూడా ముట్టరు. నిద్ర పట్టడం లేదు. (ఒక పాఠకురాలు, తిరుపతి)

జవాబు: ముందు ఆ రిపోర్టు బీరువాలో పడేసి హాయిగా నిద్రపోండమ్మా. వాళ్లు రాసినదాంట్లో సగం నిజమే, ఆ సగాన్ని చూపించి మిగతా సగాన్ని అమ్ముతున్నారు.

డీఎన్ఏలో ఉండే నాలుగు అక్షరాల్లో సైటోసిన్ ఒకటి. దాని పక్కన గ్వానిన్ వచ్చిన చోట, ఆ సైటోసిన్ మీద ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు కలిసిన చిన్న ముక్కను మన కణాలు అతికిస్తాయి. అదే మిథైల్. అక్షరం మారదు, దాని నుదుట బొట్టు పెట్టినట్టు, అంతే. జన్యువు మొదట్లో ఇలాంటి బొట్లు గుంపుగా పడితే ఆ జన్యువు సాధారణంగా మాట్లాడకుండా కూర్చుంటుంది. కాలేయంలోనూ కంట్లోనూ ఉన్న డీఎన్ఏ ఒకటే అయినా రెండూ వేరే పనులు చేస్తున్నాయంటే అందులో ఈ బొట్ల పాత్ర కూడా ఉంది. మనిషి డీఎన్ఏలో ఇలా బొట్టు పెట్టదగ్గ చోట్లు దాదాపు 2 కోట్ల 80 లక్షలు, నూటికి 70, 80 చోట్ల బొట్టు ఉంటుంది.

ఆ బొట్లకు సరుకు తిండి నుంచే రావాలి. మీరు తిరుపతిలో ఉన్నారు కాబట్టి అలిపిరి బస్సుల లెక్కలో చెబుతా. మిథైల్‌ను ఎక్కించుకొని కొండెక్కే బస్సు పేరు ఎస్-అడినోసిల్ మిథియోనిన్, ముద్దుగా శామ్. పైన డీఎన్ఏ దగ్గర మిథైల్‌ను దించేసి ఖాళీగా కిందికి వస్తే అదే హోమోసిస్టీన్ (మధ్యలో ఒక మజిలీ ఉంది, వదిలేద్దాం). ఖాళీ బస్సు మళ్లీ నిండాలిగా. ఊళ్లోంచి జనాన్ని తెచ్చే ఆటో ఫోలేట్, అంటే బి9 (మాత్రలో ఉండే ఫోలిక్ యాసిడ్ దాని రూపమే). ఆటోలోంచి దించి బస్సెక్కించే కండక్టరు బి12. ఆటోను బయల్దేరదీసే ఎంజైమే మీ రిపోర్టులో రాసిన ఎంటీహెచ్ఎఫ్ఆర్, దానికి చేతికర్ర బి2. ఖాళీ బస్సులు ఎక్కువైతే కొన్నింటిని డిపోకు మళ్లించేది బి6.

ఇప్పుడు కండక్టరు రాలేదనుకోండి. ఆటోలు జనంతో నిండే ఉంటాయి, కానీ దిగేవాళ్లు లేరు, ఇంకో ట్రిప్పుకు వెళ్లలేవు. బస్సులు ఖాళీగా ఉంటాయి. రక్తంలో హోమోసిస్టీన్ పెరుగుతుంది, పైన దిగబెట్టాక కదలని ఖాళీ బస్సులు బొట్లు పెట్టే ఎంజైములకే అడ్డం పడతాయి. అంటే ఫోలిక్ యాసిడ్ ఎంత మింగినా బి12 లేకపోతే ఆ ఫోలేట్ ఇరుక్కుపోతుంది. అందుకే మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది ఎంటీహెచ్ఎఫ్ఆర్ కాదు, "గుడ్డు కూడా ముట్టరు" అన్న మాట. బి12 ఏ ఆకులోనూ, ఏ పప్పులోనూ ఉండదు. పాలు, పెరుగే మీకు దిక్కు. గ్లాసు పాలలో సుమారు ఒక మైక్రోగ్రాము ఉంటుంది, మనిషికి రోజుకు రెండు మైక్రోగ్రాములకు పైనే కావాలి. పొద్దున కాఫీలో పోసే నాలుగు చెంచాల పాలను లెక్కలోకి తీసుకోకండి. నేను కూడా అలాగే లెక్కేసుకొని, రెండు పూటలా పెరుగన్నం తింటున్నాను కదా అనుకొని, ఒకసారి రక్తం ఇస్తే బి12 మిల్లీలీటరుకు 140 పీకోగ్రాములు వచ్చింది. 200 కంటే తక్కువైతే లోటు అంటారు. గర్భం రాకముందే బి12 పరీక్ష చేయించుకోండి, తక్కువైతే డాక్టరు చెప్పిన మాత్ర వేసుకోండి, ఆ జీన్ టెస్టుతో పోలిస్తే ఇది చవక.

ఇక మీ జన్యువు. ఆ తేడా అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ రెండు వైపులా వచ్చినవాళ్లలో ఎంజైము బలం మామూలులో మూడో వంతు దాకా పడిపోతుంది, నిజమే. అలాంటివాళ్లకు ఫోలేట్ కూడా తక్కువైతే రక్త కణాల డీఎన్ఏలో మిథైల్ తగ్గుతుందని 2002లో ఒక పరిశోధన చూపింది. కానీ ఫోలేట్ సరిపడా ఉన్నవాళ్లలో ఆ తగ్గుదల కనిపించలేదు! మీ రిపోర్టులో ఈ రెండో ముక్క ఎగిరిపోయింది. పైగా బిడ్డ వెన్ను, మెదడు సరిగా మూసుకోకపోయే లోపాలను ఆపుతుందని నిరూపణ అయింది మామూలు ఫోలిక్ యాసిడే. బ్రిటన్ నడిపించగా 1991లో ముగిసిన పెద్ద పరీక్షలో, అంతకుముందు అలాంటి బిడ్డను కన్న తల్లుల్లో ఆ లోపం నూటికి 72 పాళ్లు తగ్గింది. మీలాంటి జన్యువు ఉన్నవాళ్లు కూడా అదే వాడవచ్చు.

ఎప్పుడు మొదలుపెట్టాలంటే ఇప్పుడే. బిడ్డ వెన్ను, మెదడు తయారయ్యే నాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది, అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతి కూడా తెలియదు. బొట్ల విషయంలో కూడా ఆ రోజులే కీలకం, తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన పాత బొట్లు చాలా వరకు చెరిగిపోయి మళ్లీ కొత్తగా పడేది అప్పుడే. ఆఫ్రికాలోని గాంబియా పల్లెల్లో వానాకాలంలో కడుపున పడ్డ పిల్లలకూ ఎండాకాలం పిల్లలకూ కొన్ని చోట్ల బొట్లలో తేడా ఉంది. ఆ తేడాకూ, కడుపు నిలిచే సమయంలో తల్లి రక్తంలో ఉన్న ఫోలేట్, బి2 లాంటివాటికీ సంబంధం ఉందని 2014లో తేలింది. 1944-45 చలికాలంలో హాలండ్‌లో కరువు వచ్చినప్పుడు కడుపున పడ్డవాళ్లను అరవయ్యేళ్ల తర్వాత పరీక్షిస్తే, ఎదుగుదలకు సంబంధించిన ఐజీఎఫ్2 జన్యువు దగ్గర బొట్లు వాళ్ల తోబుట్టువుల కంటే తక్కువగా ఉన్నాయి. అది ఒక్క విటమిన్ కరువు కాదులెండి, మొత్తం తిండి కరువు.

మామూలుగా చెప్పే మోతాదు రోజుకు 400 మైక్రోగ్రాములు. మన మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చేది ఎక్కువగా 5 మిల్లీగ్రాముల మాత్ర, దానికి పన్నెండు రెట్ల పైనే. కొందరికి అది కావాలి, ముఖ్యంగా ఇంతకుముందు అలాంటి బిడ్డ పుట్టినవాళ్లకు. మీకు ఏది కావాలో డాక్టరు చీటీ చూసి కొనండి, షాపతను చేతికిచ్చింది కాదు.

ప్రశ్న: నాకు 58, షుగరు వచ్చి పదకొండేళ్లు, మెట్‌ఫార్మిన్ వాడుతున్నా. డీఎన్ఏ మీద మిథైల్ చూసి శరీరం వయసు చెబుతారట కదా, రోజూ బి-కాంప్లెక్స్ వేసుకుంటే ఆ వయసు తగ్గుతుందా? ఈ మధ్య కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియడం లేదు, నాలుగడుగులు వేశాక చూసుకుంటున్నా. (రిటైర్డ్ ఉద్యోగి, చిత్తూరు)

జవాబు: సార్, మీరు ప్రశ్నగా అడిగింది ఒకటి, అసలు ప్రశ్న చివరి వాక్యంలో ఉంది. చెప్పు జారినా తెలియకపోవడం నరాల సంగతి. షుగరు వల్ల రావచ్చు, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడితే బి12 తగ్గుతుంది కాబట్టి దానివల్ల కూడా రావచ్చు. ఈ వారంలోనే బి12 పరీక్ష చేయించుకోండి, కాళ్లు డాక్టరుకు చూపించండి. మెట్‌ఫార్మిన్ మాత్రం మీ అంతట మీరు మానకండి. బి12 లోటు ఉండగా ఒట్టి ఫోలిక్ యాసిడ్ ఎక్కువగా వేసుకుంటే రక్తహీనత సర్దుకున్నట్టు కనిపించి, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి.

ఆ వయసు సంగతంటారా, 353 చోట్ల మిథైల్ కొలిచి వయసు అంచనా వేసే లెక్కను 2013లో స్టీవ్ హోర్వాత్ అనే శాస్త్రవేత్త ఇచ్చారు. లెక్క గట్టిదే. కానీ మాత్రతో ముల్లు వెనక్కి తిప్పడం వేరే మాట. హాలండ్‌లో పెద్దవయసువాళ్లకు రెండేళ్ల పాటు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్, 500 మైక్రోగ్రాముల బి12 ఇచ్చి చూశారు. హోమోసిస్టీన్ బాగా తగ్గింది, డీఎన్ఏ బొట్లలో మాత్రం అక్కడక్కడ చిన్న తేడాలే. పై జవాబులో చెప్పిన బస్సులే మళ్లీ: అలిపిరిలో ఎంతమంది నిలబడ్డా కొండ మీద ఉన్న గదులు అన్నే. ఎక్కడ బొట్టు పెట్టాలో ఎంజైములు చూసుకుంటాయి, విటమిన్ కాదు. లోటు ఉన్నప్పుడు సంగతి వేరు, 1998లో కొందరు మహిళలకు కొన్ని వారాలు ఫోలేట్ బాగా తగ్గించి పెడితే బొట్లు తగ్గాయి, మళ్లీ ఇస్తే వచ్చాయి.

ప్రశ్న: ఆకుకూర ఉడికించి నీళ్లు వంపేస్తే ఫోలేట్ పోతుందా? మా అత్త అలాగే చేస్తుంది, చెబితే వినదు. (గృహిణి, పలమనేరు)

జవాబు: పోతుందమ్మా, పాలకూర లాంటివైతే సగం దాకా. అసలు ఫోలేట్ అన్న పేరే ఆకు నుంచి వచ్చింది, 1941లో అమెరికాలో నాలుగు టన్నుల పాలకూర నుంచి దాన్ని తీశారు. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, మీ అత్తకు ఈ సంగతి చెప్పి చూడండి, ఆయన మాటైనా వింటుందేమో. వంపిన నీళ్లు పారబోయకుండా చారులో పోయమనండి, లేదా ఆకును నేరుగా పప్పులోనే వేయమనండి. వేరుశెనగలో కూడా ఫోలేట్ బాగా ఉంటుంది, వేయిస్తే కొంత తగ్గుతుంది. అలాగని సంగటిలోకి ఊరిబిండి వేయించకుండా నూరమని నేను చెప్పను, మా ఇంట్లో ఒకసారి చెప్పి చూశాను.