కొండెక్కే ఎలక్ట్రిక్ బైకు: అప్పు సిద్ధం, బీమా ఏది?

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. విశాఖపట్నంలో ఒక ప్రైవేటు సంస్థలో ఒప్పంద ఉద్యోగిని. నెలకు 58 వేల రూపాయలు చేతికి వస్తాయి, ఖర్చులు పోగా 12 వేలు మిగులుతాయి. భార్య, మూడేళ్ల పాప, అమ్మ నా మీదే ఆధారపడి ఉన్నారు. సెలవు రోజుల్లో మిత్రులతో కలిసి పాడేరు, వంజంగి, లంబసింగి వైపు మట్టిదారుల్లో బైకుపై కొండలెక్కడం, ఎవరు ముందు పైకి చేరతారో సమయం చూసుకోవడం నాకు ఇష్టం. ఇందుకోసం 2.5 లక్షల్లో ఎలక్ట్రిక్ బైకు కొనాలనుకుంటున్నాను. ఎఫ్‌డీలోని 90 వేలు తీసి, మిగతా 1.6 లక్షలకు 16 శాతం వడ్డీతో మూడేళ్ల వ్యక్తిగత రుణం తీసుకుంటాను. ఈ వడ్డీకి పన్ను మినహాయింపు కూడా ఉంటుందట. ఒక మిత్రుడు రిజిస్ట్రేషన్ అవసరం లేని విదేశీ ఆఫ్‌రోడ్ బైకు తెప్పిస్తానంటే 10 వేలు బయానా ఇచ్చాను. సంస్థ ఇచ్చిన 3 లక్షల ఆరోగ్య బీమా ఉంది. ఏ బైకు తీసుకోమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో బైకు ధర ఉంది, అప్పు వడ్డీ ఉంది, బయానా కూడా ఉంది. కిందపడితే ఇల్లు ఎలా గడుస్తుందన్న మాట మాత్రం లేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, బీమా గురించి ఆలోచించకముందే బైకు మోడల్ వెతుక్కునేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. అందుకే మీ ప్రశ్నను ఎంచుకున్నాను.

ముందుగా మీ మిత్రుడి మాట సంగతి చూద్దాం. మన నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్, లైసెన్సు అవసరం లేనివి 250 వాట్లకు మించని మోటారుతో, గంటకు 25 కిలోమీటర్లకు మించని వేగంతో నడిచే తేలికపాటి ఎలక్ట్రిక్ ద్విచక్ర వాహనాలు మాత్రమే. ప్రతి 5 మీటర్లకు ఒక మీటరు ఎత్తు లేచే దారిని తీసుకోండి. 75 కిలోల మనిషినీ అలాంటి 25 కిలోల ఎలక్ట్రిక్ సైకిలునూ ఆ దారిలో పైకి లాగడానికి 250 వాట్ల మోటారు ఒక్కటే పనిచేస్తే వేగం గంటకు 5 కిలోమీటర్లు కూడా దాటదు. అంటే మనిషి నడకతో సమానం. మీరు కోరుకున్నట్టు నిజంగా కొండ ఎక్కగల బైకు ఏదైనా చట్టం దృష్టిలో మోటారు వాహనమే అవుతుంది. మన దేశంలో ఆమోదం పొందని బైకుకు రిజిస్ట్రేషన్ జరగదు, రిజిస్ట్రేషన్ లేని బైకుకు బీమా దొరకదు. కొండదారి రోడ్డు కాదు కదా అన్న వాదన కూడా నిలవదు, ఎందుకంటే ప్రజలకు వెళ్లే హక్కు ఉన్న ఏ దారి అయినా మోటారు వాహనాల చట్టం ప్రకారం బహిరంగ ప్రదేశమే. సంతకు నడిచి వెళ్తున్న ఒక గిరిజన మహిళను మలుపులో మీ బైకు ఢీకొడితే, ఆమె వయసును, సంపాదనను, ఆమెపై ఆధారపడినవారిని లెక్కలోకి తీసుకుని మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ నిర్ణయించే పరిహారాన్ని మీరు సొంతంగా కట్టవలసి వస్తుంది. మీ బైకు వల్ల ఎదుటివారికి జరిగే నష్టాన్ని భరించే థర్డ్ పార్టీ పాలసీ ఉంటే మరణానికి, గాయాలకు బీమా సంస్థ బాధ్యతపై పరిమితి లేదు. అది లేకపోతే ఆ అపరిమిత బాధ్యత మీది.

థర్డ్ పార్టీ పాలసీ ఎదుటివారి కోసం. మీ కోసం ఏముందన్నదే నా అసలు ఆందోళన. బైకు పాలసీతో పాటు వచ్చే 15 లక్షల తప్పనిసరి వ్యక్తిగత ప్రమాద బీమాను చూసి చాలామంది నిశ్చింతగా ఉంటారు. అది మరణానికి, చేయో కాలో చూపో పోవడం వంటి నష్టాలకు, శాశ్వత పూర్తి వైకల్యానికి మాత్రమే డబ్బిస్తుంది. కొండలెక్కేవారికి ఎక్కువగా విరిగేది మెడకింది ఎముక, మణికట్టు, మోకాలి కీలు. ఇవి నయమయ్యే గాయాలు కాబట్టి ఆ 15 లక్షల్లోంచి ఒక్క రూపాయి కూడా రాదు. ఆస్పత్రి బిల్లును ఆరోగ్య బీమా కడుతుంది, కానీ ఆ తర్వాత మంచం మీద గడిపే వారాలకు జీతం ఎవరిస్తారు? మీరు ఒప్పంద ఉద్యోగి, పనికి వెళ్లని రోజులకు డబ్బు రాకపోవచ్చు. మీ ఇంటి ఖర్చు నెలకు 46 వేలు, మీరు తీసుకోబోయే రుణానికి ఈఎంఐ సుమారు 5,625. మూడు నెలలు పనికి వెళ్లలేకపోతే లక్షా 55 వేలు కావాలి. ఆ సమయానికి మీ ఎఫ్‌డీ బైకు రూపంలో, అది కూడా వంగిన హ్యాండిల్‌తో, మెకానిక్ దగ్గర పడి ఉంటుంది.

కాబట్టి మీరు మొదట కొనవలసింది విడి వ్యక్తిగత ప్రమాద పాలసీ. అందులో తాత్కాలిక పూర్తి వైకల్యానికి, అంటే గాయం నయమయ్యే వరకు అసలు పని చేయలేని స్థితికి, వారంవారం పరిహారం ఇచ్చే భాగం తప్పకుండా ఉండాలి. అన్ని సాధారణ బీమా సంస్థల దగ్గరా దొరికే ప్రామాణిక పాలసీ సరళ్ సురక్షా బీమాలో కనిష్ఠ కవరేజీ 2.5 లక్షలు, గరిష్ఠం కోటి రూపాయలు. వారపు పరిహారం అందులో ఐచ్ఛికం మాత్రమే, మీరు అడిగి చేర్పించుకోకపోతే ఉండదు. ఏజెంటు ప్రీమియం తక్కువగా చూపించడం కోసం దాన్ని వదిలేస్తే ఒప్పుకోవద్దు.

ఇక మీరు సరదాగా రాసిన ‘సమయం చూసుకోవడం’ అన్న మాట నన్ను కలవరపెట్టింది. ప్రామాణిక ఆరోగ్య పాలసీలో సాహస క్రీడల మినహాయింపు వాటిలో వృత్తిరీత్యా పాల్గొనేవారికే వర్తిస్తుంది కాబట్టి, సరదాగా కొండెక్కి పడినవారి ఆస్పత్రి ఖర్చును ఆ కారణంతో తిరస్కరించలేరు. ప్రమాద పాలసీల్లో మాత్రం ఈ మినహాయింపు ఒక్కో సంస్థకు ఒక్కో రకంగా, చాలాచోట్ల మరింత విస్తృతంగా ఉంటుంది. బైకు పాలసీ సైతం వ్యవస్థీకృత పోటీలను, వేగ పరీక్షలను వినియోగ పరిమితుల్లోనే పక్కన పెడుతుంది. మిత్రుల మధ్య పందెం ఆ కోవలోకి వస్తుందా రాదా అన్న వాదన క్లెయిము రోజున మొదలుకాకూడదు. పాలసీ తీసుకునే ముందే బీమా సంస్థకు లిఖితపూర్వకంగా రాసి, లిఖితపూర్వకంగానే జవాబు తెప్పించుకోండి. పందేలు మానేస్తే ఇంకా మంచిది.

సంస్థ ఇచ్చిన 3 లక్షల ఆరోగ్య బీమా ఉద్యోగంతో పాటే పోతుంది. మీ ముగ్గురికీ కలిపి సొంతంగా 10 లక్షల పాలసీ, అమ్మగారికి విడిగా మరొకటి, మీ పేరిట కోటి రూపాయల టర్మ్ పాలసీ (మరణిస్తే మాత్రమే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియాలపై జీఎస్టీ లేదు కాబట్టి వాయిదా వేయడానికి ఆ సాకు కూడా మిగలలేదు.

రుణం గురించి ఎక్కువ రాయను. 1.6 లక్షలకు మూడేళ్లలో కట్టేది 2 లక్షల పైచిలుకు, అందులో వడ్డీ 42 వేలు. నెలకు 12 వేలు మిగిలే మనిషి, సెలవురోజు సరదా కోసం, ఉన్న ఒక్క ఎఫ్‌డీని విరగ్గొట్టి మరీ 16 శాతం వడ్డీకి అప్పు చేయడం నాకు ఏ లెక్కలోనూ ఇమడలేదు. మీరు విన్న పన్ను మినహాయింపు 2019 ఏప్రిల్ 1 నుంచి 2023 మార్చి 31 మధ్య మంజూరైన ఎలక్ట్రిక్ వాహన రుణాలకే వర్తిస్తుంది. మీ రుణానికి అది రాదు. క్రెడిట్ కార్డు ఈఎంఐ, బంగారం తాకట్టు వంటి ఆలోచనలు మనసులో ఉంటే వాటినీ తీసేయండి.

మిగిలే 12 వేలలో ప్రీమియాల కోసం సుమారు 4 వేలు పక్కన పెట్టి, 8 వేలు బ్యాంకులో వేయండి. ఆరు నెలల్లో మీ ఎఫ్‌డీతో కలిపి మూడు నెలల ఇంటి ఖర్చు, అంటే లక్షా 38 వేలు సమకూరుతుంది. బైకు కోసం పొదుపు ఆ తర్వాతే మొదలుపెట్టండి. రెండేళ్లకు పైగా పడుతుంది. అంతవరకు ఆగలేకపోతే సెలవులకు బైకు అద్దెకు తీసుకోవడం, లేదా ఏ మండల కేంద్రంలోనైనా బాగుచేయించుకోగల పాత పెట్రోలు బైకు కొనడం చవకైన దారులు.

కొనే రోజు వచ్చినప్పుడు చూడవలసింది ప్రకటనలో రాసిన గరిష్ఠ శక్తి కాదు, మోటారు ఆగకుండా ఇవ్వగల నిరంతర శక్తి. 120 కిలోల బైకుతో, 75 కిలోల మనిషితో పైన చెప్పిన వాలునే గంటకు 20 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి, మట్టి, రాళ్ల నిరోధం కలపకుండానే, 2 కిలోవాట్లకు పైగా నిరంతరంగా కావాలి. చక్రంలోనే ఉండే హబ్ మోటారు ఇలాంటి నిదానపు ఎక్కుడులో త్వరగా వేడెక్కి తన శక్తిని తానే తగ్గించుకుంటుంది. మధ్యలో అమర్చి గొలుసుతో చక్రాన్ని తిప్పే మోటారు దీనికి మేలు. 2025 మార్చిలో అల్ట్రావయొలెట్ సంస్థ ప్రకటించిన షాక్‌వేవ్ వంటి 120 కిలోల తేలిక బైకులు ఈ పనికి దగ్గరగా ఉంటాయి. కాగితం మీది రేంజి, అంటే ఒక్క చార్జింగ్‌తో వెళ్లే దూరం, ప్రయోగశాల లెక్క కాబట్టి కొండమీద అంత దూరం రాదని అనుకుని, దిగివచ్చి చార్జింగ్ పెట్టుకునే చోటును ముందే చూసుకోండి. వాగులో నీరు చేరి బ్యాటరీ పాడైతే సాధారణ పాలసీ కట్టకపోవచ్చు, దానికి అదనపు కవర్ దొరుకుతుందేమో అడగండి.

ఇక ఆ 10 వేల బయానా. మిత్రుడిని ఆ బైకు మోడల్‌కు మన దేశంలో ఇచ్చిన ఆమోద పత్రం, మీ పేరిట ఫారం 21 అమ్మకపు ధ్రువపత్రం, వాహనం రోడ్డుకు యోగ్యమని తయారీదారు ఇచ్చే ఫారం 22 చూపించమనండి. వాటిలో ఏది లేకపోయినా ఈ వారమే డబ్బు వెనక్కి తీసుకోండి.