పెంకుల గదులు ఉంచండి, స్లాబు గదులకు తాళం వేయండి

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీర్వదించి రాయునది. నువ్వు పంపిన ఫొటోలూ, మీ స్కూలు కమిటీ తీర్మానం నకలూ చూశాను. పెంకుల గదులు పాతబడ్డాయి కాబట్టి పడగొట్టి కొత్త బిల్డింగు అడుగుతామనీ, 1990ల్లో కట్టిన స్లాబు గదులకు ప్లాస్టరింగ్ చేయించి రంగులు వేయిస్తామనీ రాశారు. నాకు కనిపిస్తున్నంతలో ఇది పూర్తిగా తిరగబడి ఉంది. చైర్‌పర్సన్‌గా సంతకం పెట్టేది నువ్వు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మన దివిసీమలో బిల్డింగు వయసు చూసి ఏదీ తేల్చకూడదు. ఇక్కడ స్లాబును తినేది ఉప్పు. భూమిలో నీరు ఉప్పే, సముద్రపు గాలీ ఉప్పే. దగ్గర్లో దొరికిన నీళ్లతోనే కాంక్రీటు కలిపేసిన రోజులవి. లోపలి చువ్వకు తుప్పు పట్టిందంటే అది ఉబ్బుతుంది, ఉబ్బి కింద ఉన్న కాంక్రీటును తోసేస్తుంది. మీరు పెచ్చులు ఊడుతున్నాయంటున్నది అదే. దాని మీద ప్లాస్టరింగ్ చేస్తే చువ్వ ఉబ్బడం ఆగదు, మనకు కనపడకుండా పోతుందంతే. ఈసారి ఊడినప్పుడు ఆ కొత్త ప్లాస్టరింగ్ బరువు కూడా కలిసి పిల్లల మీద పడుతుంది.

ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారు వచ్చినప్పుడు ఈ పరీక్షలు అడుగు. ముందు చిన్న సుత్తితో స్లాబు అడుగంతా తట్టి చూడాలి. డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా సుద్దముక్కతో గీత గీయిస్తే ఎంత మేర పోయిందో అందరికీ కనపడుతుంది. తర్వాత పెచ్చు ఊడిన చోట కాంక్రీటును కొంచెం కొత్తగా చెక్కి, దాని మీద ఫినాఫ్తలీన్ చుక్కలు వేయాలి. అది మీ సైన్స్ ల్యాబులోనే ఉంటుంది. గులాబీ రంగు వస్తే చువ్వను తుప్పు నుంచి కాపాడే క్షారం కాంక్రీటులో ఇంకా ఉందని అర్థం, రాకపోతే చువ్వకు ఆ రక్షణ పోయినట్టే. ఒక్కటి మాత్రం మర్చిపోకు. ఈ చుక్కలు ఉప్పును పట్టుకోలేవు. కాంక్రీటు గులాబీగా మారినా లోపల చువ్వ తుప్పు పడుతూ ఉండొచ్చు. అందుకే డ్రిల్లు చేసి తీసిన పొడిని, ఉప్పు ఎంతుందో చెప్పే క్లోరైడు పరీక్షకు ల్యాబుకు పంపమని రాతపూర్వకంగా అడుగు. ఇంజినీరింగ్ కాలేజీల సివిల్ విభాగాలు డబ్బు కడితే చేసిపెడతాయి.

రిపోర్టు వచ్చేదాకా ఆ గదులకు తాళం వేయించు. హెడ్‌మాస్టరు గారు గదులు చాలవంటారు, నిజమే. వరండాలో కూర్చోబెట్టండి, ఒంటిపూట పెట్టుకోవడానికి అనుమతి అడగండి. 2025 జులై 25న రాజస్థాన్‌లో ఝాలావాడ్ జిల్లా పిప్లోదీ గ్రామంలో వానల మధ్య బడి కప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. గదులు చాలకపోవడం ఆ పక్కన ఏపాటి ఇబ్బంది?

ఇక పెంకుల గదులు. ఫొటోల్లో గోడలు నిటారుగానే ఉన్నాయి. సున్నంతో కట్టిన ఇటుక గోడలు, టేకు దూలాలు. దూలం గోడలోకి దిగే చోట చెదలుందేమో స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి, పుచ్చితే అక్కడే మొదలవుతుంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయిన బీట కనపడుతోంది. నల్లరేగడి నేలలో అది మామూలే. దాని మీద అడ్డంగా ఒక గాజుపలక అతికించి, తేదీ రాసి ఒక వానాకాలం వదిలేయండి. పగిలితే పునాది ఇంకా కదులుతోందని. పగలకపోతే బీట పూడ్చి, పుచ్చిన వాసాలు మార్చి, పెంకు తిరగనేయిస్తే చాలు. ఆ గోడలకు సిమెంటు ప్లాస్టరింగ్ వద్దు, తేమ బయటికి రాక ఇటుక పాడవుతుంది. పెంకు తీసేసి స్లాబు పోద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఆ గోడలు ఆ బరువు కోసం కట్టినవి కావు.

గాలివానకు పెంకులు లేచిపోతాయి కదా అంటావు. లేచిపోతాయి. అందుకని తుఫాను హెచ్చరిక వస్తే ఆ గదుల్లో ఎవరినీ ఉంచకూడదు. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన ఊళ్లు మనవి. ఇక్కడ బడి అంటే ఊరంతా తలదాచుకునే చోటు కూడా. కొత్త బిల్డింగు అడిగేటప్పుడు దాన్ని షెల్టరుగా కూడా పనికొచ్చేలా స్తంభాల మీద ఎత్తుగా, మెట్లతోపాటు ర్యాంపుతో అడగండి. అది రావాల్సింది పోయిన స్లాబు గదుల స్థానంలో.

డబ్బు విషయం. రిపేరు ఖర్చు కొత్తదాని ఖర్చులో సగం దాటితే కొత్తదే మేలని మా ఇంజినీర్లు సాధారణంగా అనుకునేది. నేను దానికన్నా ఏడాదికి ఎంత పడుతుందో చూస్తాను. ఉదాహరణకు స్లాబు రిపేరుకు 12 లక్షలై 8 ఏళ్లు నిలిస్తే ఏడాదికి లక్షన్నర. కొత్త బిల్డింగు 60 లక్షలై 50 ఏళ్లు నిలిస్తే లక్షా 20 వేలే. అందుకే ఎస్టిమేటుతో పాటు, చేసిన రిపేరు ఎన్నేళ్లు ఆగుతుందో కూడా రాయమని పట్టుబట్టు. ఆ అంకె రాయడం ఎవరికీ ఇష్టముండదు.

ఎన్ని గదులు కావాలో పిల్లల లెక్క చూసి అడగండి. 2022లో జీవో 117తో 3, 4, 5 తరగతులు కొన్ని హైస్కూళ్లకు వచ్చాయి, 2025లో ఆ జీవో పోయింది. అప్పటి హాజరు పట్టీ చూసి గదులు అడిగితే రేపు అవి బస్తాలు పెట్టుకోవడానికే పనికొస్తాయి. మీ చుట్టుపక్కల ఎలిమెంటరీ స్కూళ్లలో ఇప్పుడు ఎంతమంది ఉన్నారో కనుక్కుంటే వచ్చే ఐదేళ్లకు ఆరో తరగతిలో ఎంతమంది చేరతారో సుమారుగా తెలుస్తుంది.

మంజూరు ఉత్తర్వు, మొదటి విడత డబ్బు చేతికి రాకుండా ఒక్క గది కూడా పూర్తిగా పడగొట్టనివ్వకు. బడుల బాగు కోసం పెట్టిన నాడు–నేడు పథకం రెండో విడతలో మొదలై పిల్లర్ల దగ్గరే ఆగిన అదనపు గదులు నువ్వూ చూశావు. ప్రమాదకరమని రిపోర్టు వచ్చిన గదులకు కంచె వేసి ఉంచితే చాలు. పడగొట్టడానికి పైఅధికారుల అనుమతి, సామాను వేలం ఉంటాయి. తలుపులు, ఇనుము సహా జాబితా రాసి కమిటీ అంతా సంతకాలు పెట్టండి. ఊరి చివర స్థలం ఉచితంగా ఇస్తామని ఎవరైనా ముందుకొస్తే, ఆడపిల్లలు అక్కడికి ఎలా నడిచి వెళ్తారో, వానాకాలం ఆ చేను ఎంత లోతు మునుగుతుందో ముందు చూడు.

ఏఈ గారు వచ్చే రోజు నిచ్చెన తెప్పించి ఉంచు. స్లాబు పైకి ఎక్కకుండానే రిపోర్టు రాసేవాళ్లు మాలో కొందరున్నారు.

ఆశీస్సులతో,
పెదనాన్న