గురుగ్రహం ఈలల మీద పరిశోధన చేస్తానంటోంది... పంపించొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడాది, ఎంపీసీఎస్. గురుగ్రహం చుట్టూ ఉండే ప్లాస్మా తరంగాల మీద పరిశోధన చేస్తానంటోంది. బంధువులేమో బీఈడీ చేయించమంటున్నారు. టెన్షన్‌గా ఉంది. దీనికి దారి ఉందా?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఉందండీ. అయితే ఆస్ట్రానమీ సర్టిఫికెట్ కోర్సులకు మాత్రం డబ్బు కట్టకండి. అమ్మాయి చదవాల్సింది ఎమ్మెస్సీ ఫిజిక్స్.

ముందు ఆ పనేమిటో తెలుసుకోండి. ప్లాస్మా అంటే విద్యుదావేశమున్న కణాలతో నిండిన వాయువు. 1979లో గురుగ్రహం పక్కగా వెళ్తూ నాసా నౌక వాయేజర్-1 అక్కడి తరంగాలను యాంటెన్నాతో పట్టింది. స్పీకర్‌లో పెట్టి వింటే కొన్ని పై స్థాయి నుంచి కిందికి జారే ఈలల్లా వినిపించాయి. మెరుపులో పుట్టిన తరంగం అయస్కాంత రేఖల వెంట ప్లాస్మాలో సాగేటప్పుడు ఎక్కువ ఫ్రీక్వెన్సీ ముందు చేరుతుంది, తక్కువది వెనకబడుతుంది. ఆ జారుడు అందుకే. గురుగ్రహం మీద మెరుపులున్నాయనడానికి అదో గట్టి ఆధారమైంది.

మీ అమ్మాయి రోజూ చూడబోయేది మాత్రం అందమైన గ్రహం ఫొటోలు కాదు, స్పెక్ట్రోగ్రామ్‌లు. అడ్డంగా సమయం, నిలువుగా ఫ్రీక్వెన్సీ, రంగుల్లో తీవ్రత. 2016లో గురుగ్రహం చేరిన జూనో నౌక తరంగాల డేటాను నాసా ఉచితంగానే ఇస్తోంది. ఈ సెలవుల్లో ఒక్క రోజు డేటా దించుకుని పైథాన్‌లో ఆ బొమ్మ గీయమనండి. వారం కుస్తీ పట్టాక కూడా ఇష్టం చావకపోతే ఇక ఆపకండి.

ఫైనలియర్‌లో ఐఐటీల ఎమ్మెస్సీకి జామ్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ-పీజీ రాయాలి. తర్వాత పీహెచ్‌డీ కోసం నెట్ లేదా గేట్ పరీక్ష. పీహెచ్‌డీకి నవీ ముంబైలోని భారత భూ అయస్కాంత సంస్థ, తిరువనంతపురంలోని ఇస్రో స్పేస్ ఫిజిక్స్ లేబొరేటరీ లాంటివి చూసుకోవచ్చు. జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, మీ జేబు మీద భారం ఉండదు.

ఒక మాట ముందే చెప్పాలి. గురుగ్రహానికి మన నౌక ఏదీ వెళ్లలేదు, కాబట్టి ఇక్కడ థీసిస్ భూమి చుట్టూ ఉన్న తరంగాల మీదే దొరకొచ్చు. కాదనుకోవద్దనండి, ఫిజిక్స్ అదే. యూరప్ పంపిన జ్యూస్ నౌక 2031లో గురుగ్రహం చేరాల్సి ఉంది, సుమారుగా మీ అమ్మాయి పీహెచ్‌డీ నాటికి. పర్మనెంట్ ఉద్యోగాలు తక్కువే, దాచను. కానీ సిగ్నల్ ప్రాసెసింగ్ నేర్చినవాళ్లు ఖాళీగా కూర్చోరు. బీఈడీ అంటారా, ఎమ్మెస్సీ తర్వాతైనా చేయొచ్చు.

వెక్టర్ కాలిక్యులస్, విద్యుదయస్కాంతత్వంలో మార్కులెలా ఉన్నాయో మీరు రాయలేదు. ముందు ఆ రెండూ చూడండి.