వెనీర్ల కోసం పళ్ళు అరగదీశాక జివ్వుమనడం ఎన్నాళ్ళు ఉంటుంది? నాలుగు పళ్ళకి వేయించుకున్న నా అనుభవం

ఫ్లోరైడ్ మచ్చలున్న మీ ఎనిమిది పై పళ్ళకి డాక్టర్ వెనీర్లు (పంటి ముందు అతికించే పలుచటి పింగాణీ రేకులు) వేస్తామన్నారని, అందుకు పళ్ళు అరగదీయాలన్నారని, ఇక జీవితాంతం చల్లటిది తాగితే జివ్వుమంటుందేమోనని భయంగా ఉందని మీరు రాశారు. రెండు నెలల్లో పెళ్ళి అని కూడా అన్నారు. నేను రెండేళ్ళ క్రితం నాలుగు పళ్ళకి వేయించుకున్నాను. మూడు పళ్ళు మూడు వారాల్లో సర్దుకున్నాయి. నాలుగోదానికి దాదాపు మూడు నెలలు పట్టింది. ఇప్పుడు ఏ పన్నూ జివ్వుమనదు. ఆ నాలుగో పన్ను ఎందుకు అంత ఇబ్బంది పెట్టిందో తెలిస్తే మీరు డాక్టర్‌ని ఏం అడగాలో తెలుస్తుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది నల్గొండ జిల్లా, మర్రిగూడ వైపు ఊరు. చిన్నప్పుడు తాగిందంతా బోరు నీళ్ళే. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు, మా వైపు బోర్లలో అంతకంటే చాలా ఎక్కువ ఉండేది. చిగురు లోపల పన్ను తయారయ్యే వయసులో ఆ నీళ్ళు తాగితే ఎనామిల్, అంటే పంటి పైనుండే గట్టి పొర, సరిగ్గా గట్టిపడదు. మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్ళు వచ్చేసరికి మా ఈడు వాళ్ళందరి పళ్ళూ ఎప్పుడో వచ్చేశాయి. ఎంత తోమినా ఆ గోధుమరంగు పోదు, ఎందుకంటే అది పైన పట్టిన గార కాదు, పంటిలోనే ఉన్న మచ్చ. కాలేజీ రోజుల్లో నేను నోటికి చున్నీ అడ్డం పెట్టుకోకుండా నవ్విన గుర్తు లేదు. కాబట్టి మీరు ఎందుకు వేయించుకోవాలనుకుంటున్నారో నాకు బాగా తెలుసు, వద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు.

నేను మొదట వెళ్ళిన క్లినిక్‌లో ఐదు నిమిషాలు చూసి ఎనిమిది పళ్ళూ చేయాలన్నారు. ఎంత అరగదీస్తారంటే "కొంచెమే" అన్నారు. ఎవరికైనా చేసిన ఫోటో చూపించమని అడిగాను. ఆ ఫోటోలో పళ్ళు చుట్టూ, వెనకవైపు కూడా చెక్కేసి సన్నటి పుల్లల్లా ఉన్నాయి. అది వెనీర్ పని కాదు, పన్ను మొత్తానికి తొడుగులా వేసే క్యాపుల పని. వెనీర్ అంటే పంటి ముందు భాగం మీద అతికించే పలుచటి పింగాణీ రేకు. దానికోసం పంటిలో 3 నుంచి 30 శాతం వరకు తీస్తే, పూర్తి క్యాపుకి 60, 70 శాతం దాకా తీసేస్తారు. పేరు వెనీర్ అని చెప్పి క్యాపులు వేసేవాళ్ళు ఉన్నారు. మీరు ముందు ఈ ఒక్క సంగతి తేల్చుకోండి. "వెనకవైపు కూడా అరగదీస్తారా?" అని నేరుగా అడగండి.

రెండోసారి ఒక ప్రోస్తోడాంటిస్ట్ (క్యాపులు, వెనీర్లు లాంటివి ప్రత్యేకంగా చేసే పళ్ళ డాక్టర్) మేడమ్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఎక్స్‌రేలు తీయించి, రాత్రిళ్ళు పళ్ళు కొరుకుతానేమో అడిగి, ఎనిమిది అక్కర్లేదన్నారు. ముందు మైక్రో అబ్రేషన్ చేశారు. అంటే ఆమ్లం కలిసిన గరుకు పేస్టుతో పంటి పైన చాలా పలుచటి పొరని రుద్ది తీయడం. తర్వాత బ్లీచింగ్, అంటే మందుతో పళ్ళని తెల్లబరచడం. నాలుగు పళ్ళ మీద మచ్చలు వాటితోనే చాలావరకు తగ్గిపోయాయి. మిగతా నాలుగింటి మీద మచ్చలతో పాటు గుంటలు ఉన్నాయి, వాటికే వెనీర్లు. బ్లీచింగ్ చేసిన వెంటనే వెనీర్ సరిగ్గా అతకదని రెండు వారాలు ఆపారు. నా ఎనిమిది నాలుగయ్యాయి. పంటికి 12 వేలు తీసుకున్నారు, కాబట్టి డబ్బు కూడా సగం మిగిలింది. అంతకంటే ముఖ్యంగా నాలుగు పళ్ళు ముట్టుకోకుండా మిగిలాయి.

ఇక అరగదీయడం. మీ పర్సులో ఏటీఎం కార్డు తీసి అంచు చూడండి, దాని మందం 0.76 మిల్లీమీటర్లు. వెనీర్ కోసం మామూలుగా తీసేది దానికంటే తక్కువే, పంటి మధ్యలో 0.5 నుంచి 0.7 దాకా, చిగురు దగ్గర 0.3 వరకు. చిన్న విషయంలా అనిపిస్తుంది. కానీ చిగురు దగ్గర ఎనామిల్ ఉండేదే 0.3 నుంచి 0.5 మిల్లీమీటర్లు. డ్రిల్లు కాస్త లోతుకు వెళ్ళినా ఎనామిల్ అయిపోయి కింద డెంటిన్ అనే లోపలి పొర బయటపడుతుంది. జివ్వుమనేది అక్కడే. ఎనామిల్‌లో నరం ఉండదు. డెంటిన్ నిండా కంటికి కనబడని సన్నటి గొట్టాలుంటాయి, వాటిలో ద్రవం ఉంటుంది. చల్లటి నీళ్ళో గాలో తగిలితే ఆ ద్రవం కదులుతుంది, ఆ కదలిక లోపలి నరానికి అందుతుంది. పైగా వెనీర్ ఎనామిల్‌కి పట్టుకున్నంత గట్టిగా డెంటిన్‌కి పట్టుకోదు. అంటే ఎనామిల్ ఎంత మిగిలితే జివ్వుమనడం అంత తక్కువ, వెనీర్ అంత ఎక్కువకాలం నిలుస్తుంది. ఎనామిల్ మళ్ళీ పుట్టదు, దాన్ని తయారుచేసే కణాలు పన్ను బయటికి వచ్చేసరికే పోతాయి.

అందుకే ఆవిడ డ్రిల్లు ముట్టుకునే ముందు మాక్-అప్ చేశారు. నా పళ్ళ అచ్చు మీద మైనంతో కొత్త ఆకారం కట్టించి, దాని అచ్చుతో పంటిరంగు పదార్థాన్ని నా పళ్ళ మీదే అంటించారు. అద్దంలో చూసుకున్నాను, ఫోటో తీసి అమ్మకి పంపాను. తర్వాత ఆ పొర మీదుగానే కొలతగీతలున్న బర్‌తో (డ్రిల్లు మొన) అరగదీశారు. చివరికి పన్ను ఎంత ముందుకు ఉండాలో ముందే తెలుసు కాబట్టి అవసరమైనంత వరకే తీయగలిగారు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు, నొప్పి ఏమీ లేదు.

నాలుగో పన్ను దగ్గర ఆవిడ ఆగి, అద్దం నా చేతికిచ్చి "చూడమ్మా, ఇక్కడ గుంట లోతుగా ఉంది" అన్నారు. చిగురు దగ్గర, చుట్టూ తెల్లటి ఎనామిల్, మధ్యలో మినప్పప్పు బద్దంత పసుపు మచ్చ. ఆ పసుపే డెంటిన్. మచ్చ తీయకపోతే పింగాణీలోంచి కనబడుతుంది, తీస్తే డెంటిన్ తేలుతుంది. ఆవిడ నన్ను అడిగి తీశారు. తీసిన వెంటనే, కొలతలు తీసుకోకముందే, దాని మీద బాండింగ్ (అతుక్కునే పలుచటి ద్రవం) పూసి, లైటు పెట్టి గట్టిపరిచి మూసేశారు. ఈ పన్ను కొన్నాళ్ళు జివ్వుమంటుందని అప్పుడే చెప్పారు. ముందే చెప్పడం వల్ల తర్వాత నాకు టెన్షన్ లేకుండా పోయింది.

అసలు కష్టం ల్యాబ్ నుంచి వెనీర్లు వచ్చేదాకా ఉన్న పది రోజులు. టెంపరరీలు పెడతారు, అవి ఊరికే అంటుకుని ఉంటాయి. అది సంక్రాంతి వారం. ఊళ్ళో అమ్మ సకినాలు చేసింది, మరిచిపోయి ముందు పళ్ళతో కొరికాను. టక్కుమని ఒకటి ఊడింది, అదీ ఆ నాలుగో పన్నుదే. మంచినీళ్ళు నోట్లో పోసుకోగానే కణత దాకా లాగేసింది. "ఏమైంది బిడ్డా" అని అమ్మ పరిగెత్తుకొచ్చింది, నేను మాట్లాడలేకపోయాను, నోరు తెరిస్తే గాలి తగులుతుంది. చింతకాయ తిని పళ్ళు పులిసిన దానికి పదిరెట్లు అనుకోండి. మర్నాడు బస్సులో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సిటీకి వెళ్ళి మళ్ళీ పెట్టించుకున్నాను. ఊడితే ఫెవిక్విక్ లాంటివి మాత్రం అస్సలు వాడకండి. ఊడిన ముక్కని డబ్బాలో దాచి డాక్టర్‌కి ఫోన్ చేయండి.

ఆ రోజుల్లో నాకు పనికొచ్చినవి: గోరువెచ్చటి నీళ్ళు, మెత్తటి బ్రష్, పొటాషియం నైట్రేట్ ఉన్న సెన్సిటివిటీ పేస్టు. ఆ పేస్టు ఒక్కరోజులో పనిచేయదు, రెండు వారాలు వదలకుండా వాడాలి. పడుకునే ముందు కాస్త వేలితో పంటి మీద రాసి ఉమ్మేసి, నీళ్ళతో పుక్కిలించకుండా వదిలేసేదాన్ని. నిమ్మకాయ, పులుసు, కూల్‌డ్రింకులు మానేశాను. స్కూటీ మీద మాస్క్ పెట్టుకున్నాను, ఉదయం చలిగాలికి అది చాలా ఆదుకుంది.

అతికించేరోజు పంటిని ఆమ్లంతో కాసేపు గరుకు చేస్తారు. ఫ్లోరైడ్ పళ్ళ పైపొర ఆ ఆమ్లానికి సులభంగా లొంగదట, అందుకని మామూలుకంటే ఎక్కువసేపు ఉంచారు. మీ డాక్టర్‌కి ఇలా ఫ్లోరైడ్‌తో పాడైన పళ్ళతో అనుభవం ఉందో లేదో ఇక్కడే తేలుతుంది, కాబట్టి తప్పకుండా అడగండి. అతికించాక రెండో రోజు అన్నం నములుతుంటే ఒక పన్ను నొప్పి పుట్టింది. అది జివ్వుమనడం కాదు, ఆ వెనీర్ అంచు కింది పంటికి ముందుగా తగులుతోంది. రంగు కాగితం కొరికించి, తగిలేచోట కాస్త పాలిష్ చేశారు, రెండు రోజుల్లో పోయింది. ఇలాంటివి ఓర్చుకుంటూ కూర్చోకండి.

చల్లటిది తగిలినప్పుడు జివ్వుమని కొన్ని సెకన్లలో పోతే సాధారణంగా కంగారు పడక్కర్లేదు. చల్లటిది తీసేశాక కూడా నిమిషాల తరబడి లాగుతున్నా, వేడికి ఎక్కువవుతున్నా, ఏమీ తగలకుండానే నొప్పి వస్తున్నా, రాత్రి నిద్రలేపుతున్నా అది లోపలి నరం దెబ్బతిన్న గుర్తు కావచ్చు. అప్పుడు వెంటనే వెళ్ళండి, రూట్ కెనాల్ అవసరం పడొచ్చు. నాకు అంతదాకా రాలేదు.

ఇంకొకటి, వెనీర్ ఒకసారి వేసుకుంటే అయిపోదు. సాధారణంగా పది పదిహేనేళ్ళకి మార్చాల్సి వస్తుంది, మార్చిన ప్రతిసారీ పన్ను ఇంకాస్త తగ్గొచ్చు. మీకు 26 ఏళ్ళన్నారు. కాబట్టి ఇప్పుడు ఎంత ఎనామిల్ కాపాడుకుంటే తర్వాత అంత ఆసరా. పెళ్ళికి రెండు నెలలే ఉంది కనుక, ముందు మైక్రో అబ్రేషన్, బ్లీచింగ్ ఈ నెలలోనే చేయించండి. వెనీర్లు తప్పనిసరైతే పెళ్ళికి కనీసం మూడు వారాల ముందు అతికించడం పూర్తయ్యేలా చూసుకోండి, టెంపరరీలతో పెళ్ళిపీటల మీద కూర్చునే పరిస్థితి రాకూడదు.

మీ పళ్ళ మీద ఉన్నవి మచ్చలేనా, గోరు పెడితే తగిలే గుంటలు కూడా ఉన్నాయా? ఎన్ని పళ్ళకి ఉన్నాయి? అది రాస్తే, డాక్టర్ దగ్గర మీరు దేని గురించి గట్టిగా అడగాలో నాకు తెలిసినంతలో చెబుతాను.